గుర్తు లేని యుద్ధంలో ఆనృశంస్యం

ధర్మయుద్ధానికి భారతీయ గ్రంథాలు విధించిన నియమాలన్నీ ఎక్కడా రాసి లేని ఒక షరతు మీద నిలబడి ఉన్నాయి. ఎదుట నిలిచినవాడు యోధుడో కాదో చూడగానే తెలియాలన్నదే ఆ షరతు. మహాభారతం భీష్మపర్వం ఆరంభంలో కౌరవపాండవులు చేసుకున్న ఒడంబడిక ప్రకారం రథికుడు రథికుడితో, గజారోహకుడు గజారోహకుడితో, పదాతి పదాతితో తలపడాలి. సేన విడిచి తొలగినవాణ్ని, శరణన్నవాణ్ని, సూతుణ్ని, భేరీశంఖాలు మోగించేవాణ్ని కొట్టరాదు. నిద్రలో ఉన్నవాణ్ని, ఆయుధం లేనివాణ్ని, పోరాడకుండా చూస్తూ నిలబడ్డవాణ్ని మనుస్మృతి ఏడో అధ్యాయం ఈ కోవలోనే చేర్చింది. మౌర్యుల కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు, పక్కనే సేనలు పోరాడుతున్నా రైతు తన పొలం తాను దున్నుకుంటూ ఉండేవాడని రాసినట్టు తర్వాతి గ్రీకు రచయితల ద్వారా తెలుస్తోంది. అందులో వాస్తవమెంత, విదేశీయుడి ముచ్చట ఎంత అన్నది వేరే చర్చ. ఆ చిత్రంలో పొలానికీ రణరంగానికీ మధ్య ఒక గట్టు ఉంది. ఆ గట్టు చెరిగిపోయిన చోట ఈ నియమాల గతి ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

తిరుగుబాటుదారు సైన్యంగా కనిపించకుండా జనంలో కలిసి పోరాడుతున్నప్పుడు, అతన్ని ఓడించడంతోపాటు ఆ జనాన్ని తనవైపు నిలుపుకోవడానికి రాజ్యం సాగించే సుదీర్ఘమైన పోరును సైనిక పరిభాషలో కౌంటర్ ఇన్సర్జెన్సీ అంటారు. తెలుగులో తిరుగుబాటు నిరోధక యుద్ధం అనవచ్చు. దీనికి వేరే రణరంగం లేదు; ఊరు, సంత, అడవిబాట, నీళ్ల చెలమ అన్నీ రణరంగమే. మావోయిస్టు దళాలతో మధ్యభారతంలో దశాబ్దాలపాటు సాగిన పోరులో, పగలు పొలంలో కనిపించిన మనిషి రాత్రికి మిలీషియా సభ్యుడై ఉండవచ్చు, ఏ పాపమూ ఎరుగని రైతే అయి ఉండవచ్చు, లేదా తుపాకీకి జడిసి దళానికి ఒక పూట అన్నం పెట్టినవాడై ఉండవచ్చు. ఈ ముగ్గురినీ వేరుచేసి చూపే చిహ్నం వారి ఒంటిమీద ఉండదు. కూంబింగ్‌కు, అంటే అడవిని గాలించే పనికి, వెళ్లిన జవాను సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం: అతని దుస్తులు, బూట్లు, తుపాకీ అతను ఎవరో అడుగడుగునా చాటుతూనే ఉంటాయి. ఇరుపక్షాలకూ గుర్తులున్న కాలంలో పుట్టిన నియమాలు ఇలాంటి చోట ఒక్క పక్షాన్నే కట్టివేస్తాయన్న ఫిర్యాదు అందుకే పుట్టింది. ఆ ఫిర్యాదును తేలిగ్గా తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఈ చిక్కును ముందుగా గుర్తించినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రం యుద్ధాన్ని మూడు విధాలుగా విభజిస్తుంది: చోటూ కాలమూ చాటి చేసేది ప్రకాశయుద్ధం, మోసంతో అదాటున చేసేది కూటయుద్ధం, గూఢచారుల ద్వారా చడీచప్పుడు లేకుండా సాగేది తూష్ణీంయుద్ధం. అయితే పదమూడో అధికరణం చివరి అధ్యాయం వీటన్నిటికంటే ఆసక్తికరమైనది. లబ్ధప్రశమనం, అంటే గెలిచిన నేలను శాంతపరచడం, అనే ఆ అధ్యాయంలో కొత్త రాజు అక్కడి ప్రజల వేషభాషలను, ఆచారాలను తనవిగా చేసుకోవాలని, వారి దేవతలనూ ఉత్సవాలనూ గౌరవించాలని, పన్నులు మినహాయించాలని, ఖైదీలను విడిచిపెట్టాలని కౌటిల్యుడు చెబుతాడు. రెండువేల ఏళ్ల తర్వాత మలయాలో బ్రిటిష్ అధికారి టెంప్లర్ పేరుతో ప్రసిద్ధికెక్కిన 'మనసులు గెలుచుకోవడం' అన్న సూత్రానికి, ఫ్రెంచి సైనికాధికారి డేవిడ్ గలూలా అల్జీరియా అనుభవంతో 1964లో ప్రచురించిన సిద్ధాంతగ్రంథానికి, అమెరికా సైన్యమూ మెరైన్ దళమూ కలిసి 2006 డిసెంబరులో వెలువరించిన ఎఫ్‌ఎం 3-24 అనే నియమావళికి, అదే ఏడాది భారతసైన్యం ఉక్కుపిడికిలికి మఖమల్ తొడుగు వేయాలన్న పోలికతో ప్రకటించిన సిద్ధాంతపత్రానికి ఈ అధ్యాయం పూర్వీకురాలిలా కనిపిస్తుంది. అన్నింటి సారమూ ఒకటే: నిరపరాధిని చంపితే అతని బంధువులు శత్రువులవుతారు, కాబట్టి చంపవద్దు.

ఆ 'కాబట్టి' దగ్గరే తత్త్వవిచారం మొదలుకావాలి. నిరపరాధిని చంపకపోవడానికి కారణం అతను నిరపరాధి కావడమా, చంపితే నష్టం రావడమా? రెండూ ఒకే ఫలితానికి దారితీసినంతకాలం ఈ ప్రశ్న పండితుల కాలక్షేపంగా తోచవచ్చు. దారులు చీలిన చోట మాత్రం దీనికి ప్రాణాలతో జవాబు చెప్పాల్సి వస్తుంది. లాభం కోసం పట్టిన సంయమనాన్ని, లాభం మరోవైపు కనిపించిన రోజు వదిలేయకుండా ఆపేదేమీ ఉండదు. గలూలా పనిచేసిన అల్జీరియాలోనే, ప్రజల మద్దతే ఈ యుద్ధానికి కేంద్రమన్న అతని సూత్రాన్నే అంగీకరించిన మరో ఫ్రెంచి సైనికాధికారి రోజే త్రాంకియే, అదే సూత్రం నుంచి బయలుదేరి చిత్రహింస సమర్థనీయమన్న నిర్ణయానికి చేరాడు. అతని పుస్తకం 1961లో వచ్చింది. జనంలో దాగిన సంస్థను బయటపెట్టగలిగేది సమాచారం ఒక్కటే, సమాచారం ఖైదీ నోట ఉంది, అతను నోరు విప్పడు, ఇక మిగిలిందేమిటి అన్నది అతని తర్కం. తర్కంగా దానిలో లోపం వెతకడం కష్టం. ఆ తర్కాన్ని నిరాకరించిన సేనాని జనరల్ జాక్ ద బొలార్డియేర్ దాని ఫలితం గురించి వాదించలేదు. ఆ పని చేయడానికి తాను సిద్ధంగా లేనన్నాడు, పదవి నుంచి తప్పుకున్నాడు, తన అసమ్మతిని బహిరంగం చేసినందుకు 1957లో 60 రోజుల కోట నిర్బంధాన్ని అనుభవించాడు.

మనసులు గెలుచుకునే పద్ధతిలోనూ ఈ చీలిక దాగి ఉంది. మలయాలో 1950లో మొదలైన బ్రిగ్స్ పథకం కింద దాదాపు 5 లక్షల మందిని అడవి అంచుల నుంచి తరలించి కంచె వేసిన 'కొత్త గ్రామాల్లో' ఉంచారు. మిజోరంలో 1967 నుంచి ఊళ్లను కలిపి రక్షిత గ్రామాలుగా మార్చినప్పుడు అనుసరించిన నమూనా అదే. కంచె ఎవరి రక్షణకు అన్న ప్రశ్న అడిగితే, లోపలివారిని తిరుగుబాటుదారుల నుంచి కాపాడటానికని సైన్యం అంటుంది, తిరుగుబాటుదారులను తమ నుంచి వేరుచేయడానికని లోపలివారు అనుకుంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మనిషిని కాపాడటమూ మనిషిని సాధనంగా వాడుకోవడమూ ఒకే కంచెలో ఇమిడిపోయాయి.

ఈ చర్చ అంతా సేనాపతుల ఎత్తున సాగుతుంటే, దాని బరువు మోసేది బాట మీద నడిచే జవాను. సంయమనం అనే మాటను సైనిక భాష నుంచి మామూలు భాషలోకి తెస్తే దాని అర్థం ఇది: ఎదుటివాడు ఎవరో తెలియని ఒక క్షణంపాటు తుపాకీ పేల్చకుండా ఆగు, ఆ క్షణంలో ప్రమాదం ఎదుటివాడిది కాకుండా నీది కావాలి. ఈ బేరం ఎంత కఠినమైనదో అడవియుద్ధపు లెక్కలే చెబుతాయి. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ ప్రాంతంలోని తాడిమెట్ల వద్ద ఒక్క దాడిలో 76 మంది చనిపోయారు, వారిలో ఒక్కరు తప్ప అందరూ సీఆర్పీఎఫ్ జవాన్లు. 1989లో కె.ఎస్. వ్యాస్ నాయకత్వంలో ఆంధ్రప్రదేశ్ ఏర్పరచిన గ్రేహౌండ్స్ దళం చిన్న జట్లుగా, కాలినడకన, మందుపాతరలకు చిక్కే వాహనాలను వదిలి తిరగడంలో పేరు తెచ్చుకుంది. అంత జాగ్రత్త నేర్చిన దళం కూడా 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద చిక్కి, మొత్తం 38 మంది మరణించిన దాడిలో అత్యధిక ప్రాణాలు కోల్పోయింది. ఇలాంటి నష్టాల జ్ఞాపకం జేబులో పెట్టుకుని గూడెంలోకి అడుగుపెట్టే యువకుడికి ఒక క్షణం ఆగు అని చెప్పడం ఎవరికైనా సులభం కాదు. 2009లో అఫ్ఘానిస్తాన్‌లో జనరల్ మెక్‌క్రిస్టల్ ఇళ్లున్న చోట వైమానిక దాడులను పరిమితం చేసినప్పుడు కింది శ్రేణి సైనికుల్లో రేగిన అసంతృప్తి మూలం ఇదే: తమ ప్రాణాలతో పరుల ప్రాణాలు కొంటున్నారన్న భావన.

అమెరికన్ తాత్త్వికుడు మైకేల్ వాల్జర్ 1977లో న్యాయ అన్యాయ యుద్ధాలపై రాసిన గ్రంథంలో ఈ భావనకు నేరుగా ఎదురు నిలిచాడు. మధ్యయుగపు క్రైస్తవ చింతనలో ద్విఫల సిద్ధాంతం అని ఒకటుంది. మంచి పనికి తప్పనిసరిగా తోడయ్యే చెడును, దాన్ని ఉద్దేశించనంతవరకు, క్షమించవచ్చునని దాని సారాంశం. ఉద్దేశించకపోవడం మాత్రమే చాలదని, ఆ చెడును తగ్గించడానికి పూనుకోవాలని, ఆ పూనికలో అవసరమైతే ప్రమాదాన్ని సైనికుడు తన మీదికి తీసుకోవాలని వాల్జర్ దానికి రెండో షరతు చేర్చాడు. ఆయుధం పట్టినవాడు ప్రమాదాన్ని వృత్తిగా అంగీకరించాడు, గూడెంలో నిద్రపోతున్నవాడు అంగీకరించలేదు. వాదనగా ఇది గట్టిదే. అయితే బెటాలియన్‌లో చేరిన పేదింటి కుర్రవాడు నిజంగా దేన్ని అంగీకరించి చేరాడన్న ప్రశ్నను వాల్జర్ తగినంత లోతుగా అడిగినట్టు లేదు.

చీకట్లో ఈ లెక్కలు ఎలా తలకిందులవుతాయో 2012 జూన్ 28 రాత్రి ఛత్తీస్‌గఢ్‌లోని సార్కెగూడ చూపింది. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నామని గ్రామస్థులు చెప్పిన సమావేశం మీద భద్రతాదళాలు జరిపిన కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వారిలో మైనర్లూ ఉన్నారు. విచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికి వచ్చింది. మృతులు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, బలగాలు కంగారులో కాల్పులు జరిపి ఉండవచ్చని, జవాన్లకు తగిలిన గాయాలు తమ వారి తూటాలవల్లే కావచ్చని అందులో ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఆ కంగారు అన్న మాట. మహాభారతంలో రాత్రి నరమేధానికి ప్రతీకగా నిలిచిన సౌప్తికపర్వంలో అశ్వత్థామను నడిపింది పగ. నిద్రిస్తున్నవారిని చంపుతున్నానని అతనికి తెలుసు. సార్కెగూడలో అలాంటి ఎరుక కనబడదు, ఉన్నది భయం. భయాన్ని మన కావ్యసంప్రదాయం ఎప్పుడూ బరువుగా తీసుకోలేదు. ఉత్తరకుమారుణ్ని రథం దింపి పరుగెత్తించి, తెలుగువారికి ఒక సామెతను మిగిల్చి ఊరుకుంది. క్రోధానికి ధర్మశాస్త్రంలో ఉన్నంత చోటు భయానికి లేకపోవడం చిన్న లోపం కాదు, ఎందుకంటే గుర్తు లేని యుద్ధంలో అమాయకుణ్ని చంపేది చాలాసార్లు భయమే. భయంతో చేసిన హత్య హత్య కాకుండా పోదు. అయితే దాని బాధ్యత తుపాకీ మీట నొక్కిన వేలి దగ్గర ఆగిపోకుండా, ఎవరున్నారో నిర్ధారించుకోకుండా రాత్రిపూట ఆ బాటన పంపిన చేతుల వరకు పాకుతుంది.

గూడెం మనిషి వైపు నుంచి చూస్తే ధర్మసంకటం ఇంకా చిక్కుపడుతుంది, ఎందుకంటే అతన్ని అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: వాళ్లు ఎటు వెళ్లారు? కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కౌశికుడి కథ సరిగ్గా ఈ ప్రశ్న గురించే. ఎన్నడూ అసత్యమాడనని వ్రతం పట్టిన ఆ తాపసి, దొంగలకు భయపడి అడవిలో దాగినవారి జాడను దొంగలు అడిగితే నిజం చెప్పాడు, వారి చావుకు కారణమయ్యాడు, చివరికి నరకానికి పోయాడు. కథలో దొంగలెవరో కథకుడికి తెలుసు. బస్తర్ గూడెంలో చెబితే ఇన్ఫార్మర్ అని దళం చంపవచ్చు, చెప్పకపోతే సానుభూతిపరుడని పోలీసులు పట్టుకుపోవచ్చు. మాట్లాడటమూ మౌనమూ రెండూ పక్షం వహించడమే అయిన చోట కౌశికుడికి దారి చూపగల శాస్త్రం లేదు. 2005లో మొదలైన మావోయిస్టు వ్యతిరేక సల్వా జుడుం ఉద్యమం ఈ మౌనాన్ని బలవంతంగా బద్దలు కొట్టింది, ఊళ్లను శిబిరాలకు తరలించింది. వేలమంది కోయలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలస వచ్చి, అక్కడ గుత్తికోయలన్న పేరుతో ఇప్పటికీ బతుకుతున్నారు. ఆదివాసీ యువకులకు నెలకు 3,000 రూపాయల గౌరవవేతనమిచ్చి, కొద్దిపాటి శిక్షణతో తుపాకులు అప్పగించి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం 2011 జులై 5న తీర్పు చెప్పింది. ఆ తర్వాతా స్థానిక యువకులతో, లొంగిపోయిన మాజీ మావోయిస్టులతో ఏర్పడిన జిల్లా రిజర్వ్ గార్డు దళాలు ముందువరసలో నిలిచాయి. సైనిక దృష్టిలో దీని ఉపయోగం ప్రశ్నకు అతీతం: భాష తెలుసు, బాట తెలుసు, మనుషులు తెలుసు. ఆ ఉపయోగమే అర్జునుడి విషాదం కూడా. ఎదుటి వరసలో కనిపించేది పినతండ్రి కొడుకు కావచ్చు, నిన్నటి దళ సహచరుడు కావచ్చు, ఈ యువకుడికి ఉపదేశం చేసే సారథి మాత్రం ఉండడు.

ఇక్కడ అహింసను బోధించడం వ్యర్థం. ఆయుధం చేతికిచ్చి అహింస చెప్పడం పరిహాసమవుతుంది. మహాభారతం అందుకే మరో మాటను ముందుకు తెచ్చింది. నృశంసుడంటే క్రూరుడు, క్రూరత్వం లేకపోవడం ఆనృశంస్యం. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషం చివర వచ్చే యక్షప్రశ్నల ఘట్టంలో, నలుగురు తమ్ముళ్లు మడుగు ఒడ్డున పడి ఉండగా, ఒక్కరినే బతికిస్తానన్న యక్షుడితో ధర్మరాజు నకులుణ్ని కోరుతాడు. అజ్ఞాతవాసం ఎదురుగా ఉంది, దాని వెనక యుద్ధం పొంచి ఉంది. భీముడి బలమో అర్జునుడి విల్లో కోరకుండా నకులుణ్ని ఎందుకన్నావని యక్షుడు అడిగితే, కుంతికి తాను మిగిలాడు, మాద్రికీ ఒకడు మిగలాలి అంటాడు, ఆనృశంస్యమే పరమధర్మమని తన ఎంపికకు పేరు పెడతాడు. ఈ ఘట్టాన్ని దయకు ఉదాహరణగా చదవడం పరిపాటి. యుద్ధనీతి కోణంలో చదివితే ఇందులో ఇంకా గట్టి విషయముంది: ఆ ఎంపిక సైనికంగా తప్పు, ఆ సంగతి ధర్మరాజుకు తెలుసు. ఫలితం బాగుంటుందని కాక, ఫలితం చెడవచ్చని తెలిసీ పట్టుకున్నదే ఆనృశంస్యం. దాన్ని లబ్ధప్రశమనం నుంచి వేరుచేసే గీత ఇదే. తమ్ముళ్లందరూ తిరిగి బతకడం యక్షుడిచ్చిన బహుమానం మాత్రమే, ధర్మరాజు వేసుకున్న లెక్క కాదు. ఆచరణలో బొలార్డియేర్ నిలబడ్డ చోటు ఇదే.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ధర్మరాజు తన తమ్ముణ్ని, తన రాజ్యాన్ని, తన విజయాన్ని పణంగా పెట్టాడు. నేటి రాజ్యం ఆనృశంస్యాన్ని ప్రకటించి, దాని మూల్యాన్ని జవాను చేత కట్టిస్తుంది. ఈ ఆక్షేపణకు సంయమనాన్ని సడలించడం జవాబు కాదు, ఎందుకంటే అప్పుడు మూల్యం గూడెం మనిషి మీద పడుతుంది, అతనికి అసలు మాటే లేదు. జవాను ఆగిన క్షణానికి తగిన శిక్షణ, విశ్రాంతి, నమ్మదగిన సమాచారం, ఆగినందుకు నిందపడనన్న భరోసా ఇచ్చినప్పుడే రాజ్యం తన వాటా చెల్లించినట్టు. ఎదురుకాల్పుల్లో పడిన శవాల సంఖ్యకు బహుమతులు కట్టే వ్యవస్థ ఆ భరోసాను ఇవ్వలేదు. ఆగలేకపోయినవాడి సంగతి కూడా ఉంది. తాను సరైనదని నమ్మినదానికి విరుద్ధంగా నడిచిన సైనికుడి లోపల మిగిలే గాయాన్ని, భయం మిగిల్చే మానసిక రుగ్మతకు భిన్నంగా, నైతిక గాయం అంటారు. వియత్నాం నుంచి తిరిగొచ్చినవారికి చికిత్స చేసిన అమెరికన్ వైద్యుడు జోనథన్ షే 1994లో వారి అనుభవాన్ని గ్రీకు ఇతిహాసపు అకిలిస్‌తో పోల్చి రాసిన పుస్తకంతో ఆ ఆలోచన వ్యాప్తిలోకి వచ్చింది. భారతకవికి ఈ గాయం తెలియనిది కాదు: ద్రోణుడి వధకు ఆడిన అర్ధసత్యంతో ధర్మరాజు రథం నేలకు దిగడం, గెలిచాక అతను సింహాసనాన్ని అసహ్యించుకోవడం, ఆ మనసును నిలబెట్టడానికి భీష్ముడు పర్వాలకు పర్వాలు మాట్లాడటం ఈ గాయపు చిత్రాలే. అయితే ఆ శాంతిపర్వం రాజు ఒక్కడికే దక్కింది, పదాతులకు ఎవరూ చెప్పలేదు.

అశోకుడు కళింగయుద్ధం పట్ల తన పశ్చాత్తాపాన్ని చెక్కించిన పదమూడో శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. చచ్చినవారి కోసం, చెరపట్టబడినవారి కోసం విలపించిన ఆ శాసనంలోనే అటవీజనాలకు ఒక హెచ్చరిక కనిపిస్తుంది: పశ్చాత్తాపంలో ఉన్నా తనకు శక్తి ఉందని, చావు తప్పించుకోవాలంటే వారు తమ నడత మార్చుకోవాలని. రాజ్యం మనసు కరిగిన క్షణంలోనూ అడవి పట్ల ఆ కరుగుదలకు హద్దు ఉండటం చరిత్రలో కొత్త సంగతి కాదన్నమాట. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో పదమూడోది లేదు. యుద్ధం తిన్న ప్రజలకు ఆ విలాపాన్ని వినిపించడం మంచిది కాదని రాజు భావించాడేమో. దాని స్థానంలో తోసలి, సమాపా పట్టణాల అధికారులను ఉద్దేశించి వేరే ఆజ్ఞలు చెక్కించాడు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టవద్దని, హింసించవద్దని చెబుతూ, న్యాయం తప్పడానికి దారితీసే గుణాలను అందులో వరసగా పేర్కొన్నాడు: అసూయ, కోపం, నిష్ఠురత్వం, తొందరపాటు, అభ్యాసలోపం, సోమరితనం, అలసట. క్రూరత్వమూ అలసటా అక్కడ ఒకే వరసలో ఉన్నాయి. ఆ ఆజ్ఞను తిష్యనక్షత్రపు రోజుల్లో చదివి వినిపించాలని, మధ్యలో వినేవాడు ఒక్కడే ఉన్నా చదవాలని కూడా రాతిలో ఉంది.